మెలికల అక్షరాల శుభలేఖ

...అందుకే నిన్న ఆ పని చేశాను. బాబాయి తన డీటీపీ షాపులో మిర్చి వ్యాపారి కూతురి శుభలేఖ టైప్ చేసి టీకి వెళ్ళాడు. తీగలు పాకినట్టుండే ఆ ఇంగ్లీషు ఫాంటంటే నాకు ప్రాణం. ఇంకా గొప్పగా ఉంటుందని పేర్లన్నీ రహస్యంగా కేపిటల్స్‌లోకి మార్చాను. మెలికలన్నీ చిక్కుపడి ఏ పేరూ చదవడానికి రావట్లేదని అచ్చయ్యాకే తెలిసింది.

ఈ రోజు సాయంత్రం ఆ వ్యాపారి వచ్చి కార్డుల కట్ట బాబాయి మొహాన విసిరికొట్టాడు.

"ఏరా, మా అమ్మాయి పేరేదిరా ఇందులో? చదువు!"

బాబాయి చదవలేకపోయాడు. ఆ వ్యాపారి బాబాయి జుట్టు పట్టుకుని తలని బల్లకేసి రెండుసార్లు బాదాడు. ముక్కులోంచి రక్తం కార్డుల మీద పడింది.

"ఎవడ్రా ఇట్టా చేసింది?"

"నేనేనండి" అన్నాడు బాబాయి.

పేపరు కట్టల వెనక నిలబడ్డ నేను ఇంకా కిందికి నక్కాను. స్కూల్లో మాత్రం ఎలక్యూషన్‌లో ఫస్ట్ ప్రైజు నాదే. మీరైతే చెప్పేవాళ్ళా?

ఎవరో నా గది తలుపు కొడుతున్నారు. ముక్కులో దూది పెట్టుకున్న గొంతు, బాబాయిదే.

"అమ్మలూ, తలుపు తియ్యి. ఆ కార్డు మళ్ళీ చెయ్యాలి. ఈసారి మొదటి అక్షరం ఒక్కటే పెద్దది పెట్టమ్మా."

ఇదంతా రాస్తున్న ఈ కాగితాలు పరుపు కింద దాచేస్తున్నా