రోజుకో నంబరు చూపిన కళ్ళు

2024 మొదట్లో సంగతి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు తవ్వకాలు సాగుతున్న రోజులు. అప్పటికి నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుగా చేస్తున్నాను. ఆప్టోమెట్రిస్టు అంటే డాక్టరు కాదు. మీరు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళకముందు చీకటి గదిలో కూర్చోబెట్టి, "ఇది బాగుందా, ఇది బాగుందా" అంటూ అద్దాలు మార్చి మార్చి విసిగించే మనిషి ఉంటుంది కదా, ఆ మనిషిని నేనే. ఎవరికి ఎంత పవర్ అద్దాలు కావాలో తేల్చే ఈ పనిని రిఫ్రాక్షన్ అంటారు.

మాది వీర్నపల్లి దగ్గర పల్లె. సిరిసిల్లలో పని నేర్చుకుని ఇక్కడికి వచ్చాను. నా పని మీద నాకు కొంచెం పొగరు ఉందని ఆసుపత్రిలో చెప్పుకుంటారు. నిజమే, ఉంది. నేను రాసిన నంబరు మార్చాల్సిన అవసరం పెద్దగా ఎప్పుడూ రాలేదు. ఆ పొగరును అణా పైసలతో సహా దించేసిన అమ్మాయి పేరు రవళి అనుకుందాం.

ఆమె కోరుట్లలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. వాళ్ళ అమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. తండ్రి మస్కట్‌లో పని చేస్తాడట. కుర్చీలో కూర్చుంటూనే బ్యాగులోంచి రెండు జతల కళ్ళద్దాలు తీసి నా ముందు పెట్టింది.

"గిది కోరుట్లల చేపిచ్చింది మేడం. గిది సిరిసిల్లల. మా మామయ్యోల్లది సిరిసిల్ల పక్కన ఎల్లారెడ్డిపేట, ఆడికి పోయినప్పుడు చూపిచ్చిన్రు. రెండిట్ల రెండు నంబర్లున్నయి. ఏది పెట్టుకోవాల్నో సమజైతలేదు."

"ఏది పెట్టుకుంటే మంచిగ కనవడుతంది?"

"ఒగ దినం గిది, ఒగ దినం గది. తలకాయ మాత్రం రెండిటికీ నొస్తది."

"ఊకె ఫోన్ల మొకం పెడితె నొయ్యదా మేడం?" అంది వాళ్ళ అమ్మ. "నేను మొత్తుకుంటనే ఉంట. ఇంటదా?"

ఎవరో ఒకరు తప్పు రాసి ఉంటారు, నేను సరిచేస్తాను అనుకున్నాను. ముందు ఆటో రిఫ్రాక్టర్ మీద గడ్డం పెట్టించాను. మీరూ చూసే ఉంటారు, లోపల పొడుగాటి రోడ్డు, దాని చివర గాలి బుడగ బొమ్మ కనిపించే మిషను. మీరు ఆ బుడగను చూస్తుంటే మిషను మీ పవర్ కొలుస్తుంది. రవళి చూసింది. మైనస్ రెండు దాటింది. మైనస్ అంటే దూరం చూపు తక్కువ అని. సరే అని మళ్ళీ కొలిచాను, ఒకటిన్నర వచ్చింది. ఇంకోసారి కొలిస్తే రెండున్నర. ఆమెను లేపి నేనే మిషను ముందు కూర్చుని నా కళ్ళు కొలుచుకున్నాను. నా నంబరు ఎప్పటిలాగే ఉంది. అంటే మిషను బాగానే ఉంది.

తర్వాత గోడ మీద అక్షరాలు చదవమన్నాను, అద్దాలు లేకుండా. పై నుంచి కింది వరుస దాకా ఆగకుండా చదివేసింది. మిషను చెప్పిన నంబరు ఉన్న మనిషికి కింది వరుస కనిపించే వీలే లేదు. రిమోట్ నొక్కి అక్షరాలు మార్చాను. ఇప్పుడు సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"చార్టు మార్చిన్రా మేడం?" అని అడిగింది, సిలబస్ మార్చేసిన వాళ్ళను అడిగినట్టు.

"ఎందుకు? పాతది కంఠస్థం చేసినవా?"

తల వంచుకుంది. సిరిసిల్లలో చూసింది, కోరుట్లలో చూసింది, అన్నిచోట్లా అవే అక్షరాలు కదా, వచ్చేశాయట. నాకు కోపం వచ్చింది. మందలించబోతుంటే వాళ్ళ అమ్మ అసలు విషయం చెప్పింది. రవళి కానిస్టేబుల్ కొలువుకు తయారవుతోంది. పరుగు, పుస్తకాలు అన్నీ దాని కోసమే. ఆ కొలువుకు చూపు కూడా పరీక్షిస్తారు. అద్దాలు లేకుండా దూరం అక్షరాలు చదవాలి. ఒక్కో జత అద్దాలు కొన్నప్పుడల్లా ఆ పిల్లకు యూనిఫాం ఇంకాస్త దూరం పోయినట్టు ఉండేదట.

నా కోపం చల్లారింది కానీ గందరగోళం తగ్గలేదు. ఈ అమ్మాయి నటిస్తోందా? నటించే వాళ్ళు చూపు లేదంటారు గానీ, మిషనులో నంబరును ఎలా మారుస్తారు?

మా డాక్టరు గారు చూసి, చుక్కల మందు వేసి కొలవమన్నారు. ఆ చుక్కలు కంటిలోని కండరాన్ని కొన్ని గంటలు పనిచేయనివ్వవు. అప్పుడు కన్ను తన అసలు నంబరు చెబుతుంది. అయితే చుక్కలు వేస్తే ఆ పూటా మరునాడూ దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి. ఆ మాట వినగానే రవళి కుర్చీలోంచి లేచింది.

"వద్దు మేడం. దగ్గరిది కనవడకపోతే చదువుడెట్ల? ఒగ దినం పోతది."

"ఒక్క దినం చదవకపోతే ఏమైతది?"

"పోతది మేడం," అంది మళ్ళీ. బ్యాగు భుజానికి తగిలించుకుంది.

మా దగ్గరికి వచ్చే కాలేజీ పిల్లలకు నేను చెప్పే సలహాలు కొన్ని ఉన్నాయి. నిద్ర, తిండి, నడక, కాస్త మనశ్శాంతి. టెన్షన్ ఏమైనా ఉందా అని అడిగాను. ఏమీ లేదంది. పొద్దున్నే పరుగు, తర్వాత మొలకలు, గుడ్డు, యాప్ గంట కొడితే నీళ్ళు, ఇంకో గంట కొడితే మెడిటేషన్, మరో గంట కొడితే పడక. నా సలహాలన్నీ ఆమే నాకు అప్పజెప్పింది. ఇంత పద్ధతిగా ఉండే పిల్లను నేను చూడలేదు. మా అమ్మాయికి చూపించాలనిపించింది. రెండు జతల అద్దాలూ పక్కన పెట్టేసి కొన్ని రోజుల తర్వాత మళ్ళీ రమ్మని చెప్పాను.

రెండోసారి వచ్చినప్పుడు ఆమె అరచేతులు పచ్చగా ఉన్నాయి. పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి నేరుగా బస్సెక్కారట తల్లీబిడ్డలు. గదిలోకి వస్తూనే నేరం చేసిన దానిలా నిలబడింది.

"మేడం, ఇయ్యాల నేను ప్రిపేర్ కాలే. వారం సంది చేన్లనే ఉన్న. చదువు లేదు, రన్నింగు లేదు, ఏం లేదు. వారం మొత్తం ఆగమైంది."

కంటి పరీక్షకు ప్రిపేర్ కావడం ఏమిటని నవ్వుకున్నాను. అక్షరాలు మళ్ళీ కంఠస్థం చేసే టైం దొరకలేదని అంటోంది కాబోలు అనుకున్నాను. మిషను ముందు కూర్చోబెడితే నంబరు దాదాపు లేదు. చార్టు రెండు మూడు సార్లు మార్చినా చదివేసింది. నేను ఎంత సంతోషపడ్డానో, అంత అయోమయంలో కూడా పడ్డాను. ఉన్న పవర్ ఎక్కడికి పోయింది? అద్దాలు పెట్టుకోవద్దు, ఖాయం చేసుకోవడానికి ఇంకోసారి రమ్మని పంపించాను. తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. పిల్ల మెట్లు దిగుతూనే ఫోన్లో ఎవరికో సంతోషంగా చెబుతోంది. మస్కట్‌కే అయి ఉండాలి.

మూడోసారి వచ్చినప్పుడు నంబరు మూడు దగ్గరికి పోయింది.

నేను ఒకటికి పదిసార్లు కొలిచాను. కాగితం మీద నంబరు రాయకుండా పెన్ను పట్టుకుని కూర్చున్నాను. రవళికి అర్థమైపోయింది. చప్పుడు లేకుండా ఏడ్చింది.

"మొన్న మంచిగున్నయన్నరు గదా మేడం. గిప్పుడేమైంది? ఇగ నాకు కొలువు రాదా?"

"నాకు సమజైతలేదు బిడ్డా," అన్నాను. అది నిజం. ఇన్నేళ్ళ పనిలో ఒక పేషెంటుతో ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి.

ఈసారి చుక్కలకు ఒప్పుకుంది. చుక్కలు ఒకసారి వేస్తే సరిపోదు. కాసేపటికోసారి వేస్తూ, కళ్ళు మూసుకుని బయట బెంచీ మీద కూర్చోమంటాం. మొదటి చుక్క వేసి పంపి, రెండో చుక్క వేయడానికి బయటికి వచ్చాను. రవళి కళ్ళు మూసుకోలేదు. చెయ్యి చాపి ఒక పెన్నును నిలువుగా పట్టుకుంది. దాన్నే రెప్ప వేయకుండా చూస్తూ, మెల్లగా ముక్కు దాకా తెచ్చుకుంటోంది. రెండు కళ్ళూ ముక్కు వైపు తిరిగిపోయాయి. నుదుటి మీద చెమట. మళ్ళీ చెయ్యి చాపి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నవే?"

"ఎక్సర్‌సైజు మేడం. చూపు పెరుగతదని ఫోన్ల జూసిన. టెస్టుకు ముందుగాల తప్పక చేస్త."

"బస్సుల గూడ గదే పని మేడం," అంది తల్లి. "పక్కన కూసున్నోళ్ళు జూసి నవ్వుతుంటె నాకే సిగ్గయితది."

"రోజూ చేస్తవా?"

"పొద్దున, మాపు. అక్షరాలు మసకైనట్టు అనిపిస్తె ఎక్కువ చేస్త."

"పసుపు తవ్వినప్పుడు?"

"గా వారం ఏం చెయ్యలే మేడం. గందుకే గదా మీకు ముందుగాలనే చెప్పిన, ప్రిపేర్ కాలే అని."

నేను వెళ్ళి ఆమె పక్కన బెంచీ మీద కూర్చుండిపోయాను. చేతిలో చుక్కల సీసా, ఎదురుగా తమ వంతు కోసం కాచుకుని ఉన్న జనం. ఆ పిల్ల ఆ రోజు నేరం ఒప్పుకున్నట్టు చెప్పిన మాట జవాబేనని నాకు తట్టనే లేదు.

అందరి కోసం కొంచెం వివరిస్తాను. కంటి లోపల ఒక చిన్న కండరం ఉంటుంది. దగ్గరివి చూసినప్పుడు అది బిగుసుకుంటుంది, దూరం చూసినప్పుడు వదులవుతుంది. పొద్దస్తమానం పుస్తకం, ఫోను దగ్గర పెట్టుకుంటే, పైగా మనసులో భయం ఉంటే, ఒక్కోసారి అది పట్టేసి వదలదు. పిక్కలు పట్టేస్తాయి చూడండి, అలాగ. దీన్ని స్పాజమ్ అంటారు. అప్పుడు దూరం మసకబారుతుంది, లేని మైనస్ పవర్ కనిపిస్తుంది. ముక్కు దాకా పెన్ను తెచ్చుకునే ఎక్సర్‌సైజు వేరే ఇబ్బంది ఉన్నవాళ్ళకు డాక్టర్లు చెప్పేది. రవళి కంటికి అది పట్టేసిన పిక్కను ఇంకా బిగించడమే. భయపడినకొద్దీ చేసింది, చేసినకొద్దీ మసకబారింది, మసకబారినకొద్దీ భయపడింది. కోరుట్ల వాళ్ళూ, సిరిసిల్ల వాళ్ళూ తప్పు రాయలేదు. కన్ను ఆ రోజు ఎలా ఉంటే అలా రాశారు.

చుక్కలు పనిచేశాక కొలిస్తే నంబరు సున్నా దగ్గర ఆగింది. డాక్టరు గారు కొన్నాళ్ళు వేసుకోవడానికి మందు రాసి, ఎక్సర్‌సైజు పూర్తిగా మానేయమని, దూరం చూస్తూ గడపమని చెప్పారు. తల్లి దేవుడికి దండం పెట్టుకుంది. రవళి మాత్రం నా గదిలోకి వచ్చి, దగ్గరివి మసకగా ఉన్నా బుద్ధిగా నోటుపుస్తకం తెరిచింది.

"దూరం చూసుడు ఎన్ని గంటలకు చెయ్యాలె మేడం? ఎంతసేపు? జెర టైంటేబుల్ చెప్పున్రి."

"టైంటేబుల్ లేదు. చేనుకాడికి పోయి కూసో."

"కూసోని ఏం చెయ్యాలె?"

"ఏం చెయ్యద్దు."

ఆ మాటకు చుక్కల మందు పేరు విన్నప్పటి కంటే ఎక్కువ భయపడింది. "ఏం చెయ్యకుంట కూసుంటె టెన్షనైతది మేడం. మెడిటేషన్ తప్పినా టెన్షనే అయితది. యాప్ల ఎర్రగ చూపిస్తది."

నడవమంటే లెక్క పెట్టుకుంటుంది. ఊపిరి పీల్చుకోమంటే అలారం పెట్టుకుంటుంది. నవ్వమని చెబితే అది కూడా పుస్తకంలో రాసుకునేలా ఉంది. ఇలాంటి పిల్లకు విశ్రాంతి తీసుకో అని ఏ భాషలో చెప్పాలి?

ఆ చిక్కు ముడిని తల్లే విప్పింది. "ఊకె కూసొమ్మంటె గిది కూసోదు మేడం. మక్క చేనుకాడ కోతుల బాధ మస్తున్నది. రోజూ మాపటికి నేనే కావలి పోతున్న. రేపటి సంది గిదాన్ని తోల్త. కోతులు ఏ దిక్కుకెల్లి అస్తయో ఎవనికెరుక? దూరం జూడక ఏం జేస్తది?"

అందరం నవ్వాం. రవళి కూడా. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఆ మక్కలు, అంటే మొక్కజొన్న, కోతకొచ్చే రోజుల్లో మళ్ళీ వచ్చారు. వరుసలో రవళి పేరు వచ్చింది. పెన్ను పట్టుకుని ఉంటుందేమోనని గది తలుపు దగ్గర్నుంచే బెంచీ వైపు చూశాను. తల్లి భుజం మీద తల వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. తల్లి లేపబోయింది. వద్దని సైగ చేసి తర్వాతి వాళ్ళను పిలిచాను. ఆ వెనకాల వాళ్ళనూ పిలిచాను. డాక్టరు గారు తలుపు దగ్గర్నుంచి రెండుసార్లు తొంగి చూసి వెళ్ళిపోయారు.

లేచాక కళ్ళు నులుముకుంటూ వచ్చి కూర్చుంది. మిషనులో నంబరు నిలకడగా ఉంది, అద్దాలు అక్కర్లేనంతగా. కొత్త చార్టు కింది వరుస దాకా చదివింది. చివర్లో ఒక అక్షరం తప్పు చెప్పి, తనే నవ్వింది.

"పోనియ్యండి మేడం. కోతులైతె రోడ్డవతలి చెట్టు మీదున్నా కనవడుతున్నయి."

కొలువు వచ్చిందా అని అడుగుతారు. ఆమె ఇంకా పరుగెత్తుతూనే ఉంది, చదువుతూనే ఉంది. చూపు మాత్రం అడ్డం కాదు.

ఈ కేసు నాకు ఏం నేర్పిందో తేల్చి చెప్పమంటే నాకు ఇప్పటికీ తడబాటే. నిద్ర, నడక, మనశ్శాంతి అంటూ పిల్లలకు సలహాలు చెప్పడం నేను మానలేదు, అవి మంచివే. కానీ చెబుతున్నప్పుడు ఎదుటి పిల్ల వాటిని ఇంకో సబ్జెక్టుగా రాసుకుంటోందేమోనని భయం వేస్తుంది. రవళి ఆగమైందన్న ఆ ఒక్క వారంలోనే ఆమె కళ్ళు బాగున్నాయి. దీన్ని సలహాగా ఎలా మార్చాలో నాకు తెలియలేదు. అందుకే ఇప్పుడు కాలేజీ పిల్లలు కుర్చీలో కూర్చోగానే, "ఏం ప్రిపేరయి వచ్చినవ్?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు ఉలిక్కిపడతారు. బయట బెంచీ మీద ఎవరైనా నిద్రపోతుంటే మాత్రం లేపను. వాళ్ళ వెనకాల వాళ్ళను ముందు పిలుస్తాను.