సగం గీతల్లో మా ఆపా

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. చిత్తూరులో ముప్పై ఏళ్లకు పైగా టీవీలు బాగుచేశాను. తెర మీద బొమ్మ పక్కన ఇంకో బొమ్మ నీడలా కనిపిస్తోందని హడలిపోయి వచ్చినవాళ్లను ఎంతమందినో చూశాను. నాకు తెలిసిన దెయ్యాలన్నీ యాంటెనా కాస్త తిప్పితే పోయేవే. ఈ సంగతి ఇంకొకరు చెప్పి ఉంటే మొదట నవ్వేది నేనే.

మాది ముస్లిం కుటుంబం. ఉర్దూ, తెలుగు కలగాపులగంగా మాట్లాడుకుంటాం. ఇంట్లో మనుషుల బొమ్మలు ఉండకూడదని మా తాత పట్టుదల. అందరి ఇళ్లలోనూ అలా కాదు గానీ, మా ఇంట్లో ఆయన మాటే చట్టం. ఆయన ఉన్నన్నాళ్లూ మా ఆడవాళ్లకు ఫొటో స్టూడియో గడప ఎలా ఉంటుందో తెలీదు.

మా ఆపా, అంటే అక్క, పేరు రెహానా. నాకంటే రెండేళ్లు పెద్దది. ఏడో తరగతితో చదువు మానిపించారు కాబట్టి హాల్ టికెట్ మీద ఫొటో కూడా లేదు. పంతొమ్మిదో ఏట జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది.

దానికి ముందు ఏడాది నేను పని నేర్చుకుంటున్న షాపుకు ఒక పాత హోమ్ కంప్యూటర్ వచ్చింది. శ్రీహరికోట నుంచి బదిలీ మీద వెళుతున్న ఒక సారు ఇచ్చిపోయాడు. కీబోర్డులోనే మిషనంతా ఉంటుంది. టీవీకి తగిలించుకోవాలి, ప్రోగ్రాములు టేప్ రికార్డర్ క్యాసెట్లలో దాచుకోవాలి. అదంటే నాకు పిచ్చి పట్టి, షాపాయన్ను అడిగి ఒక పాత టీవీతో సహా ఇంటికి తెచ్చుకున్నాను.

పాత టీవీ ఒక బొమ్మను రెండు విడతల్లో గీస్తుంది. ముందు ఒకటి, మూడు, ఐదు అంటూ బేసి గీతలు, తర్వాత సరి గీతలు. ఇదంతా రెప్పపాటు కంటే వేగంగా జరుగుతుంది కాబట్టి మన కన్ను రెంటినీ కలిపి ఒకే బొమ్మ అనుకుంటుంది. ఆ మిషను మెమరీలో రెండు వేర్వేరు బొమ్మలు పెట్టి, విడతకు ఒకటి చొప్పున మార్చి మార్చి చూపించే కిటుకు నేను కనిపెట్టాను. బొమ్మ కొంచెం వణుకుతుంది, అంతే.

ఆ కిటుకుతో ఆపా మొహం గీశాను. గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ చుక్క పెట్టి, వాటిని అంకెలు చేసి ఎక్కించాను. బేసి గీతల్లో ముసుగు, జుట్టు, గడ్డం అంచు. సరి గీతల్లో కళ్లు, ముక్కు, పెదాలు. ఆపా చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునేది, సిగ్గుతో ఒక్కసారి కూడా తలెత్తలేదు. అందుకని కళ్లు కిందికి దించే గీశాను.

తాత పట్టుకోనే పట్టుకున్నాడు. నేను ఒక్కో సగాన్ని విడిగా చూపించి, ఇది మొహమా అని అడిగాను. కాదన్నాడు. రెండోదీ కాదన్నాడు.

"మరి మొగం యాడుండాదిరా?" అన్నాడు.

"సూసేవాళ్ల కంట్లో ఉండాది దాదా" అన్నాను.

జిల్లా కోర్టులున్న ఊళ్లో పుట్టినవాడికి ఆ మాత్రం వాదన రాదా! ఆయన చాలాసేపు గడ్డం నిమురుకుని లేచి వెళ్లిపోయాడు. చెరిపేయమని మాత్రం చెప్పలేదు. ఆపా పోయాక మిషను, క్యాసెట్ మూటకట్టి అటక మీద పెట్టేశాను.

పోయిన ఏడాది వేసవిలో అమ్మీకి, అంటే మా అమ్మకు, నీటికాసులు ముదిరాయని తిరుపతిలో చెప్పారు. పోయిన చూపు ఇక రాదు, ఉన్నది ఎన్నాళ్లో చెప్పలేమన్నారు. తిరుగు బస్సులో అమ్మీ ఊరు దగ్గరపడ్డాక నా చెయ్యి పట్టుకుంది.

"కండ్లు పోయేలోపల రెహానాను ఒక్కసారి సూపీయప్పా. దాని మొగం నాకు గుర్తుకు రాలేదు" అంది.

కన్నతల్లికి కూతురి మొహం గుర్తు రాకపోవడమనేది ఒకటుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే నాకూ సరిగ్గా గుర్తు లేదు.

అటక మీది మూట దించి పదిహేను రోజులు దాని మీదే కూర్చున్నాను. షాపులో మిగిలిన ఒకే ఒక పిక్చర్ ట్యూబ్ టీవీని ఇంటికి తెచ్చాను. మిషనులో కెపాసిటర్లు, టేప్ రికార్డర్‌లో బెల్టు మార్చాను. క్యాసెట్ మొదటి వైపు ఎక్కింది. రెండో వైపు టేపుకు బూజు పట్టి బరబరమనడం తప్ప ఏమీ లేదు. ఎన్నిసార్లు తిప్పినా అంతే. కళ్లు, ముక్కు, పెదాలు ఉన్నది ఆ వైపే. అమ్మీతో ఉన్న మాట చెప్పేశాను, ముసుగు మాత్రమే వస్తుందని. అదన్నా చూపించమంది.

మధ్యాహ్నం నమాజు అయింది. వీధిలో మామిడికాయల లారీ ఆగి ఉన్నట్టుంది, ఇల్లంతా ఆ వాసనే. కర్టెన్లు వేశాను. అలవాటు ప్రకారం నేను టీవీ వెనక కూర్చుని, ముందు కుర్చీకి అద్దం ఆనించాను. మెకానిక్కులం అలాగే పనిచేస్తాం, వెనక సరిచేస్తూ తెరను అద్దంలో చూసుకుంటాం. అమ్మీ తెరకు జానెడు దూరంలో వచ్చి కూర్చుంది. అద్దంలో నాకు ఆమె వీపు తప్ప ఏమీ కనిపించలేదు.

టేపు కూత ఆగింది, అంటే బొమ్మ ఎక్కేసినట్టే. అమ్మీ కాసేపటికి మెల్లగా ఉర్దూలో మాట్లాడటం వినిపించింది. అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా, అలాంటి మాటలు. ముసలావిడ ఊహించుకుంటోందని జాలేసింది. ఆపేద్దామా అనుకుంటుండగా నా భార్య టీ తీసుకుని లోపలికి వచ్చింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చేసరికే ఆపా పోయి ఏడేళ్లు. ఆమె ఆపాను ఎన్నడూ చూడలేదు.

"ఎవురమ్మీ ఈ పిల్ల? నిన్నే సూస్తా ఉండాది" అంది.

లేచి ముందుకు వచ్చాను. ఆపా ఉంది. ఊపిరి తీసుకుంటున్నట్టు సన్నగా వణుకుతోంది. కళ్లు దించి లేవు. తలెత్తి అమ్మీ వైపు చూస్తోంది. నాకు భయం వేయలేదు, ఆ వాసనలో, ఆ మసక వెలుతురులో అదంతా మామూలు సంగతే అనిపించింది. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. టీ మీద మీగడ కట్టింది.

అమ్మీయే చివరికి తెరను చేత్తో నిమిరి అంది: "సాలు. ఇంక ఆపేయప్పా. పాప అలిసిపోతాది."

ఆపేశాను. మర్నాడు మళ్లీ ఎక్కించాను. ఖాళీ ముసుగు మాత్రమే వచ్చింది. మెమరీలో రెండో సగం ఉండాల్సిన చోట అన్నీ సున్నాలే. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అంతే. కన్ను ఖాళీలు పూరించుకుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. నా కన్ను, అమ్మీ కన్ను సరే. మరి నా భార్య కన్ను ఎవరిని గుర్తు చేసుకుంది?

చలికాలం వచ్చేసరికి అమ్మీకి చూపు పూర్తిగా పోయింది. మొన్న తిరుపతి ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, చివరిగా స్పష్టంగా ఏం చూశారో గుర్తుందా అని అడిగింది.

"నా కూతుర్ని" అంది అమ్మీ, కొంచెం గర్వంగా.

డాక్టరమ్మ పెన్ను పట్టుకుని నా వైపు తిరిగింది. అది ఎప్పుడు, ఎంత దూరం నుంచి అని అడిగింది. వేసవిలో, జానెడు దూరం నుంచి అన్నాను. ఆమె రాసుకుంది.