ఆటకు నలుగురు కావలెను

మదనపల్లె బస్టాండు వెనక వీధిలో ఒక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అందులో పదకొండు మిషన్లు, ఒక గోడ గడియారం, ఒక మునికృష్ణ మాస్టరు. సన్నటి మనిషి, గొంతు దాకా గుండీలు పెట్టుకునేవాడు. గట్టిగా మాట్లాడితే మిషన్లు బెదురుతాయన్నట్టు మెల్లగా మాట్లాడేవాడు. చూసినవాళ్ళు ఈయనకి లోయరు, హయ్యరు పరీక్షలు తప్ప లోకంలో ఇంకేమీ తెలియదనుకునేవాళ్ళు. ఆ తలకాయలో ఒక పాడుబడ్డ కోట, మూడు సొరంగాలు, నిప్పులు కక్కే కొండచిలువ ఒకటి కాపురం చేస్తున్నాయని ఎవరికి తెలుసు?

ఆ కాపురం పెట్టించింది ఒక పుస్తకం. తొంభై మూడులో ఎవరివో పెండ్లి చీరలకు తోడుగా బెంగుళూరు పోయి, ఆడవాళ్ళు అంగట్లో ఉన్నంతసేపూ ఈయన బయట పాత పుస్తకాల కుప్ప ముందు కూర్చున్నాడు. అట్ట ఊడిపోయి, మొదటి పన్నెండు పేజీలు లేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేతికొచ్చింది. తిరుగు బస్సులో చదవడం మొదలుపెడితే, మదనపల్లెలో అందరూ దిగాక కండక్టరు భుజం తట్టి దించాల్సి వచ్చింది.

అదొక ఆట. బోర్డు లేదు, పేకలు లేవు. ఒకడు కథ చెప్తాడు. మిగతా నలుగురూ ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. మీ ముందర ఏరు పొంగుతోంది, ఏం చేస్తారని కథ చెప్పేవాడు అడిగితే, ఈదుతానని ఒకరు, చెట్టు నరికి అడ్డం వేస్తానని ఒకరు చెప్తారు. అది కుదిరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు, చిన్నది పడితే మునిగినట్టు. గెలిచేవాడూ ఓడేవాడూ ఉండరు, కథ సాగినంత కాలం ఆట సాగుతుంది. మునికృష్ణ ఆ పుస్తకాన్ని పదకొండుసార్లు చదివాడు. తెలుగు మిషను మీద మొత్తం తెలుగులోకి కొట్టుకున్నాడు. తెలిసిన ఆచారి చేత వేపచెక్కతో పాచిక చెక్కించుకున్నాడు. ఇరవై ముఖాలు తీసేసరికి ఆచారికి తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగోసారికి కుదిరింది గానీ ఒక పక్క బరువు ఎక్కువై, ఎట్లా వేసినా ఏడే ఎక్కువ పడేది.

అన్నీ ఉన్నాయి. ఆడే నలుగురే లేరు.

స్నేహితులను పిలిస్తే, పాచిక అన్న మాట వినగానే తలుపు గడియ పెట్టి, చాప పరిచి, పేకలు తీశారు. భార్య రత్నమ్మ మంచిది, ఒకసారి కూర్చుంది. ఏరు పొంగుతోందని చెప్పగానే, అంత వానలో బయటికి పోయేదేమిటికి, ఇంట్లోనే ఉంటానంది. కథ అక్కడికి సరి. చేసేది లేక తనే చెప్పి, తనే నలుగురై బదులు చెప్పుకుంటుంటే, ఆమె గోడ అవతల నుంచి విని మరుసటి రోజే ఒక తాయెత్తు తెచ్చి జబ్బకి కట్టింది. ఆమెను మాత్రం ఏమనగలం? నాలుగు గొంతులతో మాట్లాడే మొగుడితో ఏ ఆడది నిశ్చింతగా ఉంటుంది?

తొంభై ఎనిమిదిలో, కుప్పంలో 'రోల్ ప్లే' జరుగుతోందని ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చే ఒకడు చెప్పాడు. పుస్తకంలో ఉన్న మాటే అది. మునికృష్ణ కాళ్ళు నేల మీద నిలవలేదు. సెలవు పెట్టి, సంచిలో పాచిక వేసుకుని, పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులు మారి కుప్పం చేరాడు. తీరా చూస్తే అది స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు. ఒకరు అంగడి మనిషి, ఒకరు కొనేవాడు. టమోటా ధర ఇంగ్లీషులో అడగడం నేర్పుతున్నారు. అంత దూరం వచ్చాడు కదా అని ఈయనను కొనేవాడిగా నిలబెట్టారు. ఐదేండ్ల ఆకలి కదా, మునికృష్ణ టమోటాల ఊసే ఎత్తలేదు. తాను మారువేషంలో ఉన్న యువరాజునన్నాడు. ఆ బుట్ట అడుగున కోట తాళంచెవి ఉందన్నాడు. వీధి చివర శత్రువులు కాచుకున్నారన్నాడు. క్లాసంతా నోరెళ్ళబెట్టి విన్నది. అక్కడి మాస్టరు మాత్రం మర్యాదగా చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దిగబెట్టాడు.

ఇంకొకడైతే ఆ అవమానానికి పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేవాడు. ఈయన తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనలో తాను నవ్వుకుంటూ వచ్చాడు. తాళంచెవి అన్నప్పుడు ఒక అమ్మాయి నిజంగానే బుట్టలోకి తొంగి చూసింది. ఆ ఒక్క చూపు చాలు, ఇంకో మూడేండ్లు తిరగడానికి. తిరిగాడు కూడా.

రెండు వేల ఒకటి జనవరిలో రత్నమ్మే విసుగొచ్చి దారి చూపింది. ట్యూషన్లకు గోడల మీద కాగితాలు అతికిస్తారు గదా, నువ్వూ అతికించు, నలుగురు దొరికితే నాకు తాయెత్తుల పని తప్పుతుందంది. మునికృష్ణ కూర్చుని కార్బన్లు పెట్టి కొట్టాడు: 'వేషాలు వేసి ఆడే ఆటకు నలుగురు కావలెను. కథ చెప్పేవాడు ఉన్నాడు. అనుభవం అవసరం లేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు రాగలరు.' కింద ఇన్‌స్టిట్యూట్ అడ్రసు. నాలుగు కాగితాలు మదనపల్లెలో, రెండు పుంగనూరు బస్టాండులో అతికించాడు.

మన పక్క వేషం, ఆట అన్న రెండు మాటలూ ఒకే కాగితం మీద కనిపిస్తే దానికి అర్థం ఒకటే. ఎండాకాలం ద్రౌపది గుళ్ళ ముందర పద్దెనిమిది రోజులు కట్టే భారతం. ఈ సంగతి ఊళ్ళో నడిచే పిల్లకాయకు కూడా తెలుసు. మాస్టరికి తట్టలేదు.

ఆదివారం రెండింటికి మెట్ల మీద ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడైంది. ముందు ఒక హార్మోనియం పెట్టె వచ్చింది, దాని వెనక దాన్ని వాయించే అలావుద్దీన్. ఆ వెనక కిరీటాల ట్రంకుపెట్టె మోస్తూ చెంగయ్య, పగలు సైకిల్ షాపు, ఆటలో శకుని. చేతిసంచితో విజయమ్మ, పుంగనూరు మార్కెట్లో పూలంగడి, ఆటలో ద్రౌపది. చివర తెల్ల పంచెలో, పాల సెంటర్లో పాలు కొలిచే గంగులప్ప, ఇరవై రెండేండ్లుగా ధర్మరాజు. ఆయన ముఖం ఎర్రగా ఉంది. అనుభవం అవసరం లేదని రాసిన మహానుభావుడెవరో చూసిపోదామనే వచ్చానని గుమ్మంలోనే చెప్పాడు.

మునికృష్ణకు సంగతి అర్థమైంది. సరిగ్గా నలుగురు. ఎనిమిదేండ్లలో మొదటిసారి నలుగురు, ఈ నిమిషం నిజం చెప్తే పెట్టెలెత్తుకుని దిగిపోయే నలుగురు. అయినా అబద్ధం చేతకాని మనిషి కాబట్టి చెప్పేశాడు. ఆట కుదిర్చి డబ్బిచ్చే కంట్రాక్టరు లేడు, స్టేజీ లేదు, జనం రారు. కుర్చీల్లో కూర్చునే ఆడాలి.

గంగులప్ప అడిగాడు. "సూసేవాళ్ళు లేకుండా ఆట యాలప్పా?"

దానికి పుస్తకంలో బదులు లేదు. అది మొదటి పన్నెండు పేజీల్లో ఉందేమో. మునికృష్ణ కళ్ళు మూసుకుని కథ మొదలుపెట్టాడు. మీరు నలుగురూ ఒక కొండ కింద నిలబడి ఉన్నారు. పైన పాడుబడ్డ కోట. వాన పడుతోంది. చీకటి పడేలోగా తలుపు దొరకాలి.

అప్పుడు విజయమ్మ తల మీది కొంగు సర్దుకుంది. "వానొస్తాంటే నేను కిరీటం తీసి సంచిలో పెట్టుకుంటానప్పా. రంగు పోతాది."

ఆ మాటకు మునికృష్ణకు అక్కడే గంతులేయాలనిపించింది. బుట్టలోకి తొంగి చూసిన చూపు లాంటిదే ఇది, కాకపోతే ఈసారి గుమ్మం దాకా దిగబెట్టేవాళ్ళు లేరు.

తర్వాత జరిగిందంతా పండగే. పాత్ర ఎవరికి వాళ్ళు ఎంచుకోవచ్చని చెప్పగానే నలుగురూ పోటీ పడ్డారు. విజయమ్మ గద అడిగింది. "ఇరవై యేండ్లు ఏడ్సినానప్పా. ఈసారి కొట్టేది నాకియ్యి," అంది. జన్మంతా కుట్రలు చేసిన చెంగయ్య, గాయాలకు మందులు కట్టే వైద్యుడయ్యాడు. అలావుద్దీన్ దొంగ, కానీ ఏ సందులో దూరినా ముందు హార్మోనియం మీద ఒక రాగం తీసి దూరేవాడు కాబట్టి ప్రతిసారీ దొరికిపోయేవాడు. ధర్మరాజు గంగులప్ప గొంతు తగ్గించి, తనకు అబద్ధాలాడే వేషం ఇమ్మన్నాడు. ఇచ్చిన పావుగంటలో కోట కాపలావాళ్ళకు తాను వాళ్ళ మేనమామనని నమ్మబలికాడు. విజయమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

పాచిక చేతికిస్తేనే చిక్కొచ్చింది. గంగులప్ప చేతులు వెనక్కి తీసుకున్నాడు. ధర్మరాజు వేషం కట్టేవాడు పాచిక ముట్టకూడదని వాళ్ళ గురువు మాట తీసుకున్నాడట. భారతంలో జూదం రోజు కూడా ఆయన నోటితో పందెం చెప్తాడే గానీ, ఆయన వంతు పాచిక కూడా శకునే వేస్తాడు. మునికృష్ణ తెలుగులో దానికి గింజ అనో గోళీ అనో పేరు పెట్టుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఈయన పండితుడు కదా, పాచిక అని కొట్టుకున్నాడు! చివరికి ఇక్కడా చెంగయ్యే గంగులప్ప బదులు వేసేట్టు ఒప్పందమైంది. వేశాడు. ఏడు పడింది. మళ్ళీ వేశాడు. ఏడే. శకుని చేతిలో పాచిక మాట వినకపోవడం ఆయన జీవితంలో అదే మొదలు, చెంగయ్య చాలా నొచ్చుకున్నాడు.

అట్లా పదిహేను ఆదివారాలు. కింద అంగళ్ళవాళ్ళు మేడ మీద హార్మోనియం, అరుపులు విని టైపు ఇన్‌స్టిట్యూట్ భజన మందిరమైందనుకున్నారు. మునికృష్ణ చొక్కాకి మొదటి గుండీ ఊడింది, ఆయన కుట్టించుకోలేదు. రత్నమ్మ తాయెత్తు విప్పేసింది.

ఎండలు ముదిరాక భారతం సీజను వచ్చింది. కొండచిలువ గుహ గుమ్మం ముందర కథ ఆగింది. గంగులప్ప మెట్లు దిగుతూ, సీజను మొదలైతే తాము యాడుంటామో తమకే తెలీదన్నాడు, మళ్ళీ ఆదివారాలు కుదురుతాయో లేదో మాట ఇవ్వలేనన్నాడు. మరుసటి ఆదివారం మునికృష్ణ రెండింటికి నాలుగు కుర్చీలూ వేసి, నాలుగింటికి తీసేశాడు. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. ఎనిమిదేండ్లు లేకపోయినప్పుడు ఇంత బాధ లేదు, దొరికి పోతే ఇంత బాధేమిటని రత్నమ్మతో అన్నాడు.

మూడో వారం ఎదురు ఎస్టీడీ బూతు నుంచి కేక వచ్చింది. ఫోనులో చెంగయ్య. విదురుడి వేషం కట్టే ఆయనకు కాలు బెణికింది, రేపే జూదం ఘట్టం, కుప్పం పక్క పల్లె. "మాకు ఒకరు కావల్లప్పా," అన్నాడు చెంగయ్య. "అనుభవం అవసరం లేదు."

మునికృష్ణ మళ్ళీ అదే దారి పట్టాడు, పుంగనూరు, పలమనేరు, కుప్పం. సంచిలో పాచిక ఉంది, ఎందుకు వేసుకున్నాడో ఆయనకే తెలీదు. ఆ పల్లెలో కరెంటు కోతల వల్ల ఆట మధ్యాహ్నమే పెట్టుకున్నారు. ఎండకు ముఖాల రంగు కారుతుండగా తెల్లగడ్డం అతికించి, సభలో మూల నిలబెట్టి, నువ్వు చెప్పాల్సిందల్లా 'ఇది తగదు మహారాజా' అని ఒక్క మాటేనన్నారు.

సభ నిండుగా ఉంది. ధర్మరాజు రాజ్యాన్ని పందెం పెట్టాడు. అది పోతే ఇక తమ్ముళ్ళ వంతు. చెంగయ్య మీసం దువ్వి, నడుములోంచి పాచిక తీసి విసిరాడు. అది నాటకం పాచిక కాదు. వేపచెక్కది, ఇరవై ముఖాలది. ఎప్పుడు సంచిలోంచి కొట్టేశాడో! దొర్లి దొర్లి మునికృష్ణ కాళ్ళ దగ్గర ఆగింది. ఏడు. చెంగయ్య ఏమాత్రం తొణక్కుండా, గెలిచితినని గర్జించాడు.

విదురుడు ఫక్కున నవ్వాడు. కురుసభలో, అంత ఘోరం జరుగుతుంటే, గడ్డం ఊడేట్టు నవ్వాడు. జనం బిత్తరపోయారు. హార్మోనియం ఆగింది. గంగులప్ప మాత్రం వేషంలోంచి కదలకుండా ఆయన వైపు తిరిగి, మహామంత్రీ, ఈ సమయంలో నీకు నవ్వెట్లా వచ్చిందని అడిగాడు.

మునికృష్ణకు నేర్పిన ఆ ఒక్క మాట దీనికి పనికిరాదు. పుస్తకమూ లేదు. ఎనిమిదేండ్లు అందరినీ ఏం చేస్తారని అడిగినవాడు, ఇప్పుడు తనను అడిగితే గడ్డం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వచ్చిన గొంతు టైపు మాస్టరుది కాదు.

"మహారాజా, నలుగురు దొరికేది ఎంత కష్టమో నాకు తెలుసు. నలుగురున్నవాడు వాళ్ళను పాచిక మీద పెడతాడా అని నవ్వొచ్చింది."

ముందు వరసలో ఒక ముసలామె ముక్కు చీదింది. ఇరవై రెండేండ్లుగా గడగడా తమ్ముళ్ళ పేర్లు చెప్పి పందెం పెట్టే గంగులప్పకు ఆ రోజు నకులుడి పేరు నోట రాలేదు. ఆయన సింహాసనం దిగి వచ్చాడు. వంగి, ఎన్నడూ ముట్టని పాచికను చేత్తో తీశాడు. చెంగయ్య చూసి మీసం దువ్వడం మరిచిపోయాడు. గంగులప్ప దాన్ని మునికృష్ణ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"మంత్రీ, ఇది నీ సొత్తు," అన్నాడు సభకంతా వినపడేట్టు. తర్వాత గడ్డం పక్కన, మెల్లగా, "బద్రంగా పెట్టుకో. ఆదివారానికి కావల్ల గదా."

చెంగయ్య నాటకం పాచికలు తీశాడు, పాండవులు ఏటా ఓడిపోయినట్టే ఓడిపోయారు. మూలన విదురుడు గడ్డం చాటున చివరిదాకా నవ్వుతూనే ఉన్నాడు.