రెండు మహాసముద్రాల కందకం

శనివారం ఉదయం ఎనిమిదింపావుకి హారో స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడేసరికి నేను అప్పటికే మూడుసార్లు చేతిసంచి తెరిచి చూసుకున్నాను. నోటుబుక్కు ఉంది. ఫ్లాస్కు ఉంది. పులిహోర డబ్బా ఉంది. నాలుగడుగుల అవతల నా మనవరాలు మేఘన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నేనెవరో తెలియనట్టు నిలబడింది.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో ముందు చెప్పాలి. నేను చీరాలలో డిగ్రీ పిల్లలకు ముప్పయ్యేళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి లలిత లండన్ శివారు హారోలో డాక్టరు. ఆరు నెలలు ఉండి వెళ్దామని ఆమె దగ్గరికి వచ్చాను. మేఘనకు పదిహేడేళ్ళు. స్కూల్లో కోర్సువర్కు అని ఒక పెద్ద వ్యాసం రాయాలట. అమెరికా ప్రపంచశక్తిగా ఎలా ఎదిగిందన్నది విషయం. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా సర్వీసంతా స్టార్ గుర్తు పెట్టి చెప్పిన ప్రశ్న అది. సూట్‌కేసులో ఆవకాయ పక్కన పెట్టి తెచ్చుకున్న పాత నోటుబుక్కు తీసి, నేను చెప్తాను, నువ్వు టైపు చేసుకో అన్నాను. రెండు సాయంత్రాల్లో తొమ్మిది కారణాలూ ఇంగ్లీషులో చెప్పేశాను. అందులో మొదటి వాక్యం అంటే నాకు ప్రత్యేకమైన మమకారం: రెండు మహాసముద్రాలు అమెరికాకు దేవుడు తవ్విన కందకాలు. అది నా సొంత వాక్యమని కూడా చెప్పుకున్నాను.

టీచరు డ్రాఫ్టు చదివి, ఇది పిల్ల రాసింది కాదు, కంప్యూటరు చేత రాయించింది అని అనుమానపడింది. అంత పద్ధతిగా, అంకెలు వేసి, ఎక్కడా తడబడకుండా మనుషులు రాయరట. సోమవారం ఇంట్లో పెద్దవాళ్ళతో వచ్చి సంజాయిషీ ఇవ్వాలి. నమ్మకం కుదరకపోతే వ్యాసానికి సున్నా. అప్పటినుంచి ఐదు రోజులుగా మేఘన నాతో మాట్లాడటం లేదు. నాకేమో నా నోట్సును యంత్రం రాసిందన్నందుకు ఒళ్ళు మండింది. నోటుబుక్కు పట్టుకుని సోమవారం నేనే వస్తాను, నా చేతిరాతే సాక్ష్యం అని లలితతో అన్నాను. ఇంట్లో కాలు నిలవక, రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన అమెరికన్ల శ్మశానం కేంబ్రిడ్జ్ దగ్గర ఉందని తెలిసి, పిల్లను కూడా బయల్దేరదీశాను. వాళ్ళమ్మ గట్టిగా చెప్పబట్టి వచ్చింది.

తొమ్మిదింటికి కింగ్స్ క్రాస్‌లో దిగి, కేంబ్రిడ్జ్ రైలెక్కాం. వారాంతపు రానుపోను టిక్కెట్లు ఇద్దరికీ యాభై పౌండ్ల లోపే అయ్యాయి. మా ఎదురు సీట్లో ఒక కుర్రాడు రెండు సంచుల నిండా గోంగూర, కరివేపాకు పెట్టుకుని కూర్చున్నాడు. అనంతపురం అబ్బాయి, పేరు సురేంద్ర. స్టీవెనేజ్‌లో విమానాల కంపెనీకి సాఫ్ట్‌వేరు రాస్తాడట.

"యాడికి పోతాండారు అంకుల్?" అని అడిగాడు. చెప్పాను. చరిత్ర లెక్చరరునని కూడా చెప్పాను. అతని మొహం వెలిగిపోయింది. ఈ ఉద్యోగానికి ముందు రెండేళ్ళు గ్రూప్ టూ పరీక్షలకు చదివాడట.

"అమెరికా అగ్రరాజ్యం ఆన్సర్ నాకు ఇప్పటికీ నోటికొస్తాది అంకుల్. ఒకటి, భౌగోళిక స్థితి. రెండు మహాసముద్రాలు అమెరికాకు దేవుడు తవ్విన కందకాలు. రెండు, సహజ వనరులు..."

నాలుగో కారణం దాకా అదే వరుసలో, అవే మాటల్లో చెప్పుకుపోయాడు. మేఘన ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను తీసేసింది. తెలుగులో జవాబివ్వదు గానీ అంతా అర్థమవుతుంది. ఇదెక్కడిదని నేను అడిగాను. కోచింగ్ సెంటర్ వాళ్ళ నోట్సులోదట. ఎవరో నా దగ్గర చదువుకున్నవాళ్ళు రాసి ఉంటారు అన్నాను, గొంతు సవరించుకుని. సురేంద్ర ఎంతో సంతోషించి, స్టీవెనేజ్‌లో దిగుతూ నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. సంచులు అడ్డొచ్చాయి.

అతను దిగిపోయాక నేను సీట్లో కూర్చోలేకపోయాను. తలుపు దగ్గర నిలబడ్డాను, మళ్ళీ వచ్చాను, మళ్ళీ లేచాను. మేఘన నన్నే చూస్తోంది. ఆ పిల్ల ఏమైనా అడిగితే బాగుండుననిపించింది.

పదిన్నరకి కేంబ్రిడ్జ్. ఊరి మధ్యకు ఒక బస్సు, అక్కడినుంచి ఇంకో బస్సు, దిగాక కాస్త నడక. వెళ్ళదలచినవాళ్ళు తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్ళండి, లోపల దుకాణాలేవీ నాకు కనిపించలేదు. ప్రవేశం ఉచితం. గాలి మాత్రం చెవులు కోసేస్తుంది.

గుట్ట వాలు మీద తెల్లని పాలరాతి శిలువలు వంపు తిరిగిన వరుసల్లో ఉన్నాయి. మధ్య మధ్య యూదు సైనికులకు శిలువ బదులు ఆరు కోణాల నక్షత్రాలు. గడ్డి మీద ఒక ఆకు కూడా లేదు. ద్వారం దగ్గర ఒక పెద్దావిడ మేము ఎవరి కోసం వచ్చామని మర్యాదగా అడిగింది. ఇక్కడికి చాలామంది ఏదో ఒక పేరు వెతుక్కుంటూ వస్తారట. మాకు ఎవరూ లేరని చెప్పడానికి నాకెందుకో మొహమాటం వేసింది.

ఒక వరుసలో పనివాడొకడు బకెట్టులోంచి తడి ఇసుక తీసి శిలువ మీద చెక్కిన అక్షరాల్లో రుద్దుతున్నాడు. చనిపోయినవాడి బంధువులు ఫోటో పంపమని అడిగారట. తెల్లరాతిలో తెల్లగా కలిసిపోయిన పేరు, ఇసుక నిండేసరికి పదడుగుల దూరంలోంచి నాకు కళ్ళజోడు లేకుండా కనబడింది. నేను సంచిని చంకలో గట్టిగా అదుముకున్నాను.

కాస్త అవతల పొడుగాటి గోడ ఉంది. శవం దొరకనివాళ్ళ పేర్లు దాని నిండా ఉన్నాయి. గోడ చివర ప్రార్థనామందిరం, దాని లోపలి గోడ మీద ఇంతెత్తు పటం. అమెరికా నుంచి ఇంగ్లండుకు ఓడలు వచ్చిన దారులు, ఇక్కడినుంచి జర్మనీ మీదికి విమానాలు వెళ్ళిన దారులు దాని నిండా గీసి ఉన్నాయి. సముద్రంలో ఖాళీ చోటే లేదు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు, పోదాం పద అన్నాను. మేఘన కదల్లేదు. ఐదు రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది, అది కూడా సగం తెలుగులో.

"తాతయ్యా, ఇది కందకం ఎలా అవుతుంది? ఇట్స్ ఎ రోడ్. కందకం అయితే వీళ్ళందరూ సేఫ్‌గా లోపలే ఉండాలి కదా. వై డిడ్ దే కమ్?"

ముప్పయ్యేళ్ళలో ఇలాంటి ప్రశ్న ఎవరైనా వేస్తే, అది సిలబస్‌లో లేదు కూర్చో అనేవాణ్ణి. పటం వైపు చూశాను. అమెరికా పెద్దదైంది కందకం వెనక కూర్చుని కాదేమో, కందకం దాటి అవతలి ఊళ్ళలో విమానాలు దించుకునేటంత దూరం వచ్చి అయి ఉంటుంది. ఈ ఊహ నాకు ఏ రోజూ రాలేదు. రానందుకు సిగ్గేసింది. తెలియదమ్మా అన్నాను.

బస్‌స్టాపులో పులిహోర తిన్నాం. రెండు నలభైకి తిరుగు రైలు. సీట్లో కూర్చోగానే నోటుబుక్కు తీశాను. అట్ట లోపల నా పేరు రాసిన కాగితం ముక్క అంటించి ఉంటుంది. ఫ్లాస్కులోని వేడినీళ్ళు రుమాలుకు అద్ది దాని మీద ఒత్తి, చివర పట్టుకుని లాగాను. ముప్పయ్యేళ్ళ పైబడిన బంక, సగమే ఊడింది. కింద ఇంకో పేరు బయటపడింది. చిన్నప్పుడు శనివారాల తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుంటూ మేఘన ఆ పేరు చదివింది.

"మా మాస్టారు. ఆ తొమ్మిది కారణాలూ, కందకం వాక్యంతో సహా, ఆయన చెప్తే మేం రాసుకున్నాం, అట్ట లోపల ఆయన పేరే వేసుకున్నాను. ఉద్యోగంలో చేరాక పైన నా పేరు అంటించాను. నాదే, నాదే అని చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. ఆయనకెవరు చెప్పారో ఏ రోజూ అడగలేదు."

పిల్ల నోటుబుక్కు తన ఒళ్ళోకి తీసుకుంది. "సోమవారం మిస్‌కి ఏం చెప్తావు?"

"ఇదే చెప్తాను. ఇది చూపిస్తాను."

"దెన్ ఐ స్టిల్ గెట్ జీరో."

అది నిజమే. పుస్తకం నాదని గట్టిగా దబాయిస్తే పిల్ల మీద కంప్యూటరు నింద తప్పుతుందేమో గానీ, వ్యాసం మాత్రం ఆమెది కాదు. నా పరువు పోవడం ఒక్కటే అయితే నాకింత బాధ ఉండేది కాదు. నా గొప్పకు పోయి పిల్ల చదువు మీదికి తెచ్చాను. ఆ మాటే చెప్పాను. ఈ వ్యాసం సున్నాకే అర్హం, కొత్తది రాసుకోవడానికి గడువు ఇమ్మని మీ మిస్‌ను నేను అడుగుతాను అన్నాను. ఇస్తారో లేదో నాకు తెలియదు.

మేఘన ఫోను తీసింది. పొద్దుటినుంచీ దారులు వెతికి వెతికి ఛార్జింగు అయిపోయింది. నోటుబుక్కు వెనక్కి తిప్పి, ఖాళీ పేజీ నా ముందు పెట్టింది.

"నేను చెప్తా, నువ్వు రాయి. మార్చకూడదు."

జేబులోంచి పెన్ను తీసి, అలవాటు కొద్దీ మార్జిన్లో ఒకటి అని అంకె వేశాను.

"నంబర్స్ వద్దు తాతయ్యా."

కొట్టేశాను. మహాసముద్రం ఒక దారి అన్న మాటతో ఆమె మొదలుపెట్టింది. మధ్యలో ఆగింది, వెనక్కి వెళ్ళింది, ఒక వాక్యం తీసెయ్యమంది, మళ్ళీ పెట్టమంది. అమెరికావాళ్ళు యుద్ధం గెలిచాక ఎందుకు వెళ్ళిపోలేదు అని ఒక ప్రశ్న రాయించి, దానికి జవాబు తనకు ఇంకా తెలియదని కూడా రాయమంది. స్టీవెనేజ్ ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. పొద్దుటినుంచీ నేను సీట్లో కుదురుగా కూర్చున్నది ఆ ముప్పావుగంటే.

కింగ్స్ క్రాస్ వచ్చేసరికి రెండు పేజీలయ్యాయి. వేళ్ళు కొంకర్లు పోయి, మణికట్టు లాగేస్తోంది. ముప్పయ్యేళ్ళు నేను చెప్పుకుపోతుంటే తల ఎత్తకుండా రాసుకున్న పిల్లలకు ఈ నొప్పి ఉండి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మేఘన నా చేతిసంచి తన భుజానికి తగిలించుకుని దిగింది. మెట్ల మీద కూడా చెబుతూనే ఉంది.