తాగాను లింగస్వామి అన్నా

నిన్న పొద్దున్నే ఫోన్ మోగింది. స్క్రీన్ మీద లింగస్వామి అన్న పేరు.

హలో కూడా అనలేదు నేను. "తాగాను అన్నా, తాగాను" అంటూనే ఎత్తాను.

అవతల ఏడుపు. మాట్లాడేది అన్న కాదు, వాళ్ల తమ్ముడు.

"అక్కా, అన్న పోయిండు. రాత్రి పండుకున్నోడు లేవలె."

నాకు అర్థం కాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా అర్థం కావట్లేదు.

ముప్ఫై ఆరేళ్ల మనిషికి నిద్రలో గుండె ఆగిపోవడం ఏంటి? మొన్న సాయంత్రమే కదా ఫోన్ చేసి, "రేపు బంద్ ఉన్నది, ఆఫీస్ అనుకుంట బయటికెళ్లకు" అని నాకు జాగ్రత్తలు చెప్పాడు!

ఆయన ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట "నీళ్లు తాగినవా చెల్లె?" లోకంలో అందరూ తిన్నావా అని అడుగుతారు. ఈయన ఒక్కడే ఇలా.

ఎందుకో చెప్పాలంటే పెనాంగ్ సంగతి చెప్పాలి.

కంపెనీ మా ఇద్దరినీ మలేసియాలోని పెనాంగ్‌కు ట్రైనింగ్‌కి పంపింది. ఆయన మెషిన్ మెయింటెనెన్స్, నేను క్వాలిటీ. ఒకే ఆఫీసు, కానీ మొదటిసారి మాట్లాడుకున్నది ఎయిర్‌పోర్ట్‌లోనే.

నాది దిల్‌సుఖ్‌నగర్ అన్నాను.

"అసలు ఊరు?"

"గుంటూరు దగ్గర. మీది?"

"ఉండేది ఎల్బీనగర్. ఊరు మునుగోడు దిక్కు."

ఈ తెలంగాణ ఉద్యమం రోజుల్లో "అసలు ఊరు" అనే ప్రశ్న ఎంత బరువైందో మీకు తెలుసు. విమానం దిగేదాకా ఇద్దరం మళ్లీ నోరు విప్పలేదు.

ఆదివారం సెలవు. అక్కడి ఆఫీసులో కొత్తగా ఫ్రెండ్స్ అయిన ఐషా, వెయ్ అనే ఇద్దరు మమ్మల్ని ట్రెక్కింగ్‌కి తీసుకెళ్లారు. అడవిలోంచి కొండెక్కి దిగితే బీచ్.

అన్న బ్యాగ్ నిండా నీళ్ల బాటిళ్లే. "వాటర్ ట్యాంకర్ వచ్చింది, బిందెలు తెచ్చుకోండి" అని నేను ఒకటే ఎగతాళి. నా దగ్గర మాత్రం ఒక చిన్న బాటిల్. కొండ మొదట్లోనే ఖాళీ చేసేశాను.

సగం దారిలో కళ్లు తిరిగాయి. చెట్టు పట్టుకునేలోపే పడిపోయాను.

కళ్లు తెరిచేసరికి అన్న నా ముఖం మీద నీళ్లు చల్లుతున్నాడు. బాటిల్ లాక్కోబోతే ఇవ్వడే!

"గటగటా తాగకు. జరంత జరంత తాగు."

ఐషా టోపీతో విసురుతూ కూర్చుంది. ట్యాంకర్ జోకు నేను మళ్లీ ఎత్తలేదు.

బీచ్‌కి చేరగానే అన్న దోసిట్లో సముద్రం నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. ఎక్కడి నీళ్లైనా ముందు రుచి చూడాల్సిందే ఆయన. సముద్రం చూడటం అదే మొదటిసారి. థూ అని ఉమ్మి ముఖం చిట్లిస్తే అందరం పడీ పడీ నవ్వాం. ఆయనా నవ్వాడు.

కాసేపయ్యాక నాతో అన్నాడు.

"గిన్ని నీళ్లున్నయి, గుక్కెడు తాగనీకి లేవు. మా ఊరి లెక్కనే ఉన్నది చెల్లె."

వాళ్ల ఊళ్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్. వాళ్ల అమ్మ నడుము ఆ నీళ్లకే వంగిపోయింది.

"కృష్ణ నీళ్లు మా దిక్కుకెంచే పైపుల పట్నం పోతయి. గవి తాగనీకి మేం ఎల్బీనగర్‌ల కిరాయికుండాల్సి ఒచ్చింది."

"మా ఊళ్లో కాలవ నిండా అవే నీళ్లు. పొలానిక్కూడా" అన్నాను. అనేశాక ఎందుకన్నానా అనిపించింది.

రాష్ట్రం గొడవ మా మధ్య వచ్చింది ఆ ఒక్కసారే. అన్న ఇసుక దులుపుకుని లేచాడు. "నీ తప్పేమున్నది? నడువు, ఆకలైతున్నది."

సాయంత్రం రోడ్డు పక్క బండి దగ్గర లక్సా తిన్నాం. చింతపండు పోసి చేసిన చేపల పులుసులో నూడుల్స్ వేస్తే ఎలా ఉంటుందో అదే. అన్న రెండు గిన్నెలు లాగించాడు.

"మా అమ్మ పులుసుల సేమ్యా పడ్డది, గంతే" అని తేల్చేశాడు. దాన్ని ఇంగ్లిష్‌లో ఐషాకి చెప్పలేక నేను చచ్చాను.

తిరిగొచ్చాక ఇక్కడ రోజులు వేడెక్కాయి. అన్న వాళ్ల వీధి మొదట్లోనే దీక్షా శిబిరం. ఆదివారాలు ఆయనా అందులో కూర్చునేవాడు. ఇంటికి రమ్మని ఎన్నిసార్లు పిలిచాడో. "ఇప్పుడెందుకే, మనల్ని చూసి ఎవరేమంటారో" అనేది మా అమ్మ. నాకూ భయమే. వెళ్లలేదు. ఆయన ఫోన్ మాత్రం ఒక్క రోజూ ఆగలేదు.

నిన్న బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. నడిచే వెళ్లాను. ఈసారి అమ్మ ఆపలేదు.

దారంతా ఒకటే గుబులు. నోరు తెరిస్తే నా యాస తెలిసిపోతుంది. చివరి చూపు కూడా దక్కకుండా వెనక్కి పంపేస్తే?

శిబిరంలో ఒక పెద్దాయన అడిగాడు. "ఎవలింటికి బిడ్డా?"

"లింగస్వామి అన్న ఇంటికండీ."

ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని లేచి, నన్ను ఇంటిదాకా తీసుకెళ్లాడు.

అన్నను వాకిట్లో పడుకోబెట్టారు. మెళ్లో దండలు. అప్పటికీ నేను నమ్మలేదు.

పక్కన వాళ్ల అమ్మ. వంగిన నడుముతో తల పైకెత్తలేదు ఆవిడ. "అమ్మా" అన్నాను.

ఆవిడ మెడ పక్కకి తిప్పి చూసింది.

"నువ్వు గా సముద్రం కాడ పడిపోయిన పిల్లవా?"

తలూపాను.

"గింత ఎండల నడిచొచ్చినవా? నీళ్లు తాగినవా బిడ్డా?"

శవం లేవకముందు ఆ ఇంట్లో నీళ్లు ముట్టకూడదంటారు. ఆవిడే చెంబు తెప్పించి నా చేతికిచ్చింది.

అన్నా, తాగాను. జరంత జరంతనే తాగాను.

ఇంక ఎవరి నీళ్ల గురించీ పరేషాన్ కాకు. చల్లగా పడుకో.