కిటికీకి దగ్గు పరీక్ష

వీటోమిర్‌కి అనుమానం. దేని మీద అని అడిగితే చెప్పడం కష్టం, దేని మీద లేదో చెప్పడం తేలిక. రొట్టె కొంటే అడుగు తట్టి చూస్తాడు. రేడియోలో మంచు పడుతుందని చెబితే, కట్టెలమ్మేవాడు వాళ్ళని మంచి చేసుకున్నాడంటాడు. పెళ్ళినాడు చర్చిలో ఫాదరుగారు "ఇష్టపూర్వకంగానే చేసుకుంటున్నావా నాయనా?" అని అడిగితే, "ఎందుకడుగుతున్నారు, మీకేమైనా తెలిసిందా?" అన్న మనిషి. ఆ పెళ్ళికూతురు ల్యూబింకా ఈ సంగతి ఇప్పటికీ వచ్చిన చుట్టానికల్లా చెబుతుంది.

అన్నిటికన్నా పెద్ద అనుమానం గాలి మీద. స్యెనిత్సా ఊళ్ళో ప్రొమాయకి భయపడనివాడు లేడనుకోండి. ఎదురెదురు తలుపులు రెండూ తెరిస్తే ఇంటి మధ్యలోంచి దూసుకుపోయే గాలి అది. మెడ పట్టేసినా, పన్ను పోటెత్తినా, కుదిరిన సంబంధం తప్పిపోయినా నేరం దానిదే. ఎండాకాలం బస్సు ఉడికిపోతున్నా ఒక వైపు కిటికీలే తెరుస్తారు. వీటోమిర్ మాత్రం నడివేసవిలో కూడా ఉన్ని మఫ్లరు చుట్టుకుని, చేతిలో కొవ్వొత్తితో ఇల్లంతా తిరుగుతాడు. మంట వణికిన చోటల్లా పాత గుడ్డ కుక్కుతాడు.

ఎన్ని గుడ్డలు కుక్కినా అవి తాతల నాటి కిటికీలు. కిందటి చలికాలం అద్దాలకి లోపలివైపే మంచు పేరుకుంది. కిటికీ గట్టు మీద జెరేనియం మొక్కలు చలికి మాడిపోయాయి, ల్యూబింకా వేళ్ళ కణుపులు వాచి పిండి పిసకడానికి లేకుండా పోయాయి.

"ఇదిగో, చెబుతున్నా విను," అంది ఆవిడ ఈ ఏడు ఆకు రాలకముందే. "కొత్త కిటికీలూ కొత్త వీధి తలుపూ రాకపోతే మొదటి మంచు పడ్డనాడే చాచక్‌లో మా చెల్లెలింటికి పోతాను. మంచు కరిగాకే మళ్ళీ నా మొహం చూడ్డం."

"మీ చెల్లెలికి నీతో ఇప్పుడేం పని పడిందీ?" అన్నాడు వీటోమిర్. అన్నాడే గానీ భయపడ్డాడు. ఆవిడ లేని ఇంట్లో ఆయన పులుసు కూడా కాచుకోలేడు.

కిటికీల కొట్టు నెదెల్కోది. మంచివాడు, పాపం. లైటర్ వెలిగించి అద్దం ముందు పెట్టాడు. "చూడు బాబాయ్, మూడు పొరల అద్దం. మంట నీడలు వరసగా కనబడుతున్నాయా? అందులో ఒకటి వేరే రంగులో ఉంది, చూశావా?"

"చూశాను. రెండు అద్దాలు కొత్తవి పెట్టి, మూడోది ఎక్కడో పాతది తెచ్చి అతికించావు."

"అది వేడి బయటికి పోకుండా వేసిన పూత బాబాయ్. అద్దాల మధ్య గ్యాస్ కూడా నింపారు."

"ఏదీ, చూపించు."

"గ్యాస్ కనబడదు కదా."

"కనబడనిది నింపానంటే నేను నమ్మాలి. సరే, తలుపు చూపించు."

వీటోమిర్ తలుపు సందులో కాగితం పెట్టి మూయించి లాగాడు. కాగితం రాలేదు. గట్టిగా లాగితే చిరిగింది. "చూశావా, ఎంత బిగువో," అన్నాడు నెదెల్కో. "కాగితం నాసిరకం," అన్నాడు వీటోమిర్.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. కొట్టు పెరట్లో నమూనాకి కట్టిన చెక్కగది ఉంది. దానికి ఒక్కో గోడకి ఒక్కో రకం కిటికీ. వీటోమిర్ కొవ్వొత్తి వెలిగించుకుని లోపల కూర్చుని, నెదెల్కోని బయటికి తోలాడు.

"దగ్గు."

"ఏంటి బాబాయ్?"

"దగ్గవోయ్. అలా దున్నపోతులా కాదు, పెద్ద వయసువాళ్ళలా దగ్గు."

నెదెల్కో దగ్గాడు. లోపల వీటోమిర్ చెవి రిక్కించి, తల అడ్డంగా ఊపి, వద్దన్నాడు. వినబడిందా అని అడిగితే, "అది నీకెందుకు?" అన్నాడు. దగ్గు దూరిన చోట గాలీ దూరుతుందని కాబోలు ముసలాయన లెక్క అనుకున్నాడు నెదెల్కో. మరుసటి వారం ఇంకా మందపాటిది తెప్పించి గోడకి పెట్టాడు. అదీ వద్దన్నాడు. దానికన్నా మందమైంది తెప్పించాడు. దానికి మొహం ఇంకా ముడుచుకున్నాడు. చివరికి నెదెల్కోకి నిజంగానే గొంతు పట్టేసి, వాళ్ళావిడ పాలల్లో తేనె కలిపి ఇవ్వాల్సి వచ్చింది.

ఈలోగా కొండల కొసలు తెల్లబడ్డాయి. ల్యూబింకా సంచీ సర్దింది. ఆఖరిసారిగా తనూ కొట్టుకి వచ్చి, చెక్కగదిలో మొగుడి పక్కన కూర్చుంది.

మంచి కిటికీ అవతల నెదెల్కో నోరు తెరవడం, మూయడం కనిపించింది. చప్పుడు మాత్రం చీమంత కూడా రాలేదు.

"ఏమీ వినబడలేదుగా," అంది.

"అందుకే వద్దు," అన్నాడు వీటోమిర్.

ఆవిడకి అర్థం కాలేదు. విసిగిపోయిన నెదెల్కో ఆఖరి గోడ దగ్గరికి వెళ్ళాడు. అక్కడున్నది గొర్రెల కొట్టానికి బిగించే ఒంటి అద్దం కిటికీ. ఖళ్ళుమని దగ్గాడు. గది లోపలే దగ్గినట్టుంది. వీటోమిర్ చేతిలో కొవ్వొత్తి ఆరిపోయింది, మొహం మాత్రం వెలిగింది.

"ఇది బాగుంది."

"దీపం ఆరిపోయిందయ్యా," అంది ల్యూబింకా.

"వంటింటికొక్కదానికే లేవే," అని నసిగాడు.

వంటింటి కిటికీ పక్కింటి స్తమేనా పెరటి వైపుకి ఉంటుంది. స్తమేనా ఒంటరి మనిషి. కంచె మీద వాలిన రేగు చెట్టు కాయలు ఎవరివన్న గొడవతో ఆవిడకీ వీటోమిర్‌కీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. రెండేళ్ళ కిందట ఆవిడ కట్టెల కొట్టం దగ్గర మంచులో జారిపడ్డప్పుడు మాత్రం మొదట పరుగెత్తినవాడు ఈయనే. అదేమిటంటే, దొంగేమోనని అనుమానం వచ్చిందన్నాడు. అప్పటినుంచీ రోజూ పొద్దున్నే కాఫీ ముందు పెట్టుకుని ఆ కిటికీ దగ్గరే కూర్చుంటాడు. తాగవేమని అడిగితే, వేడిగా ఉందంటాడు. కంచె అవతల ఆ ముసలావిడ దగ్గు వినబడ్డాకే తాగుతాడు.

ఆయన చెవి ఏ దగ్గు కోసమో ల్యూబింకాకి అప్పుడర్థమైంది. కళ్ళు చెమర్చాయి, ఆ వెంటనే నవ్వొచ్చింది. బయటికి వచ్చి చెప్పింది: "నెదెల్కో, అన్నిటికీ ఆ మూడు పొరలదే బిగించు. వీధి తలుపు కూడా. వంటింటి కిటికీ జోలికి మాత్రం పోకు. దాని చెక్క గట్టిది."

"ఏ చెక్క?" అన్నాడు వీటోమిర్ అనుమానంగా. "నువ్వెందుకలా అంటున్నావు?"

"నా ఇష్టం. ఆ వంటింటి తలుపు మూసుకుని నీ ప్రొమాయలో నువ్వే కూర్చో."

మొదటి మంచు పడేసరికి ఇల్లు వెచ్చబడింది, ల్యూబింకా సంచీ అటకెక్కింది. గాలంటే హడలిపోయే వీటోమిర్ రెండు మఫ్లర్లు చుట్టుకుని, ఇంట్లో గాలి దూరే ఒకే ఒక్క చోట రోజూ కాఫీ కప్పుతో కూర్చున్నాడు. ఒకనాడు ల్యూబింకా చీజ్ పెట్టి పొరలుపొరలుగా కాల్చిన పిటా ఒక పళ్ళెంలో వేసుకుని స్తమేనా ఇంటికి వెళ్ళింది.

"దగ్గు ఎలా ఉంది వదినా?"

"దగ్గా? అది ఎండాకాలంలోనే పోయింది," అంది స్తమేనా పిటా తుంచుకుంటూ. "ఏం చేసేది మరి? నేను దగ్గితే గానీ మీ అనుమానప్పక్షి కాఫీ తాగడు. చల్లారిపోతోందని ఇక్కణ్ణుంచి చూడలేక చస్తున్నాను. ఆయనకి చెప్పకు, రేగుకాయలు కూడా తనవేనంటాడు."

ల్యూబింకా చెప్పలేదు. మర్నాడు పొద్దున కంచె అవతల నుంచి దగ్గు ఖంగుమంది, పిటా తిన్న బలం కాబోలు. వీటోమిర్ కళ్ళు చిట్లించి చాలాసేపు అటే చూశాడు.

"ఈ దగ్గు మీద నాకేదో అనుమానంగా ఉందే," అని కాఫీ తాగేశాడు.