చేరినంక చెప్పు

మక్తల్ పత్తి మిల్లులో మా పెద్ద క్లర్కు ఎవరి ప్రయాణాన్నీ నమ్మేవారు కాదు. బస్సెక్కామని ఎవరు ఫోన్ చేసినా, "బయలెల్లినవ్ సరే, చేరినంక చెప్పు" అనేవారు.

ఆ భయం ఆయనకు విదేశాలకు పత్తి పంపే మా మిల్లులోనే పట్టుకుంది. ఒకసారి ఒక కస్టమ్స్ అధికారి వచ్చి, మన దేశం పంపినట్టు రాసుకున్న పత్తి, కొన్న దేశం అందినట్టు రాసుకున్నదానికంటే చాలా ఎక్కువుందన్నాడు. "మీ పత్తి బేళ్లు ఎటు పోయినయ్?" అని అడిగాడు. క్లర్కు చాయ్ గ్లాసు పక్కన పెట్టి, పాత రసీదులన్నీ బయటికి తీశారు.

తర్వాత సంగతి తెలిసింది. కొన్నవాళ్లు మా బేళ్లను దారిలోని రేవులోనే దించి ఇంకో దేశానికి అమ్ముకున్నారు. అవి ఆ దేశం లెక్కలోకెక్కాయి. పోయిందేమీ లేదని మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు.

"గిన్ని దినాలు అవి ఏడున్నయో మనకు ఎర్కనా?" అన్నారు.

పోయిన చలికాలం గుండెనొప్పితో పట్నం దవాఖానకు వెళ్తూ, బస్సులోంచి నాకు ఫోన్ చేశారు.

"బయలెల్లిన," అన్నారు.

"చేరినంక చెప్పుండ్రి సార్," అన్నాను, ధైర్యం తెచ్చుకుని.

సాయంత్రం దాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. చివరికి మోగింది. ఆయన నంబరే. మాట్లాడింది మాత్రం కండక్టర్.